ఒక అక్షరం, రెండు ధ్వనులు: తెలుగు భాషాశాస్త్ర వ్యాసప్రతి రూపచరిత్ర - కొల్లేటి సీమ ఉదాహరణలతో

వ్యాససంగ్రహం

భాషాశాస్త్ర పత్రికకు వ్యాసప్రతిని సిద్ధం చేయడమంటే అంచులు, అక్షర పరిమాణం, ఉపప్రమాణాల వరుస సరిచూడడమే అన్న అభిప్రాయం సాధారణంగా వినిపిస్తుంది. తెలుగు విషయంలో ఈ అభిప్రాయం నిలవదు. ఏ గుర్తు ఉంచాలి, ఏ గుర్తు వదలాలి, పదాన్ని ఎక్కడ విరవాలి, ఊరిని ఏ జిల్లా కింద చూపాలి అన్న నిర్ణయాలు 19వ శతాబ్ది వ్యాకరణాల నుంచి నేటి యూనికోడ్ వరకు తెలుగు ధ్వనుల, పదాంశాల విశ్లేషణనే ప్రభావితం చేస్తూ వచ్చాయి. దంత్య, తాలవ్య చకార జకారాల లేఖనాన్ని ప్రధానోదాహరణగా తీసుకొని, ఉంగుటూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల భాషాసామగ్రిని దృష్టిలో ఉంచుకొని ఈ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: దంత్య చకారం, ధ్వన్యనులేఖనం, పదాంశ విభజన, మధ్య మండలం, యూనికోడ్, కొల్లేరు.

1. ప్రస్తావన

‘వాడు చాప తెచ్చాడు’ అన్నది మూడు పదాల వాక్యం. కృష్ణా, గోదావరి జిల్లాల వ్యవహారంలో దీనిని విన్నవారికి ఇందులోని చకారం రెండు విధాలుగా వినిపిస్తుంది. ‘చాప’లోని చకారం దంత్యం. ‘తెచ్చాడు’లోని ద్విత్వ చకారం తాలవ్యం. అచ్చులోనూ భేదం ఉంది. ‘చాప’లో ఉన్నది శుద్ధమైన ఆకారం. ‘తెచ్చాడు’లో ఉన్నది ఆకార ఏకారాలకు నడుమ పలికే దీర్ఘాచ్చు. హల్లులోనూ అచ్చులోనూ ఇంత భేదం ఉన్నా లిపి రెండు చోట్లా ఒకే ‘చా’ రూపాన్ని ఇస్తుంది.

దినపత్రికకు, కథకు, పాఠ్యపుస్తకానికి ఇది లోపం కాదు. తెలుగు తెలిసిన పాఠకుడు సరైన ఉచ్చారణను తానే పూరించుకుంటాడు. భాషాశాస్త్ర పత్రిక పాఠకుడికి ఆ అవకాశం లేదు. అతడు తెలుగు ఎరగని ద్రావిడ భాషావేత్త కావచ్చు, వందేళ్ల తరువాత ఈ మాండలికాన్ని కాగితం మీద మాత్రమే చూడగలిగే తెలుగువాడు కావచ్చు. వారికి అందేది వ్యాసప్రతిలో ఉన్నది మాత్రమే. అందువల్ల ప్రతిని సిద్ధం చేసే దశ విశ్లేషణ ముగిసిన తరువాత వచ్చే దశ కాదు. విశ్లేషణలోని చివరి మెట్టు అదే.

2. గుర్తు ఉన్న కాలం, గుర్తు పోయిన కాలం

చకార జకారాల రెండు ఉచ్చారణలు ఆధునిక భాషాశాస్త్రం కనిపెట్టినవి కావు. 1816లో వెలువడిన క్యాంబెల్ వ్యాకరణం, 1840 నాటి బ్రౌన్ వ్యాకరణం, 1873 నాటి ఆర్డెన్ వ్యాకరణం విదేశీ విద్యార్థికి ఈ భేదాన్ని చెప్పవలసి వచ్చింది. దేశీయ సంప్రదాయంలో పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) సంజ్ఞాపరిచ్ఛేదంలోనే దీనిని నియమబద్ధం చేసింది. తెలుగు పదాలలో ఇ, ఈ, ఎ, ఏ లతో కూడిన చకార జకారాలు తాలవ్యాలు. తక్కిన అచ్చులతో కూడినవి దంత్యాలు. ‘చిలుక’, ‘చెరువు’, ‘చేప’ మొదటి వర్గానికీ, ‘చలి’, ‘చుక్క’, ‘చోటు’, ‘జున్ను’ రెండవ వర్గానికీ చెందుతాయి. తత్సమాలలో చకార జకారాలు ఏ అచ్చుతో కూడినా తాలవ్యాలే. కనుకనే ‘చదువు’లో దంత్యం, ‘చరిత్ర’లో తాలవ్యం, ‘జల్లెడ’లో దంత్యం, ‘జలం’లో తాలవ్యం. ఈ దంత్యాలను చూపడానికి అక్షరం తలపై చిన్న గుర్తు చేర్చి ౘ, ౙ అని రాసే పద్ధతి ఏర్పడింది.

ఈ నియమంలోనే గుర్తు లోపించడానికి కారణం కూడా ఉంది. పదం తత్సమమో దేశ్యమో తెలిసి, పక్కనున్న అచ్చు కనిపిస్తుంటే ఉచ్చారణ ఊహించదగినదే. ఊహించదగిన భేదానికి వేరే అచ్చుదిమ్మ అవసరం లేదన్నది ముద్రాపకుల దృష్టిలో సబబైన తర్కం. వ్యాకరణాలలో, నిఘంటువులలో గుర్తు కొంతకాలం నిలిచినా సామాన్య ముద్రణలో దాని అవసరం క్రమంగా తగ్గిపోయింది.

అయితే ఈ తర్కం సూరి వర్ణించిన గ్రాంథిక భాషకు సరిపోతుంది. వాడుకభాషకు సరిపోదు. ‘తెచ్చినాడు’ అన్న రూపంలో చకారం తరువాత ఇకారం ఉంది. అక్కడ తాలవ్యత నియమప్రకారమే వస్తుంది. మధ్య నకారం లోపించి రూపం సంకోచించినప్పుడు ‘తెచ్చ్యాడు’ వంటి దశ మీదుగా ‘తెచ్చాడు’ ఏర్పడింది. తాలవ్యతకు కారణమైన ఇకారం పోయింది. తాలవ్యత మాత్రం మిగిలింది. దీని ఫలితంగా దేశ్యపదంలోనే ఆకారంగా రాసే అచ్చుకు ముందు దంత్య చకారమూ తాలవ్య చకారమూ రెండూ నిలబడ్డాయి. ఒకప్పుడు పరిసరాన్ని బట్టి ఊహించదగిన భేదం వాడుకభాషలో వర్ణభేద స్థాయికి చేరువయింది.

ఇక్కడ కాలక్రమాన్ని గమనించాలి. వాడుకభాష సాహిత్యంలోకి, పత్రికలలోకి ప్రవేశించి ‘వచ్చాడు’, ‘తెచ్చాడు’ వంటి రూపాలు అచ్చులో స్థిరపడుతున్న కాలంలోనే ఆ భేదాన్ని చూపగల గుర్తు సామాన్య ముద్రణకు దూరమయింది. గుర్తు అనవసరమైన భాషకు గుర్తు ఉండేది. గుర్తు అవసరమైన భాషకు గుర్తు లేకపోయింది. తెలుగు లిపి ఉచ్చారణకు యథాతథ ప్రతిబింబమన్న సామాన్య విశ్వాసాన్ని భాషాశాస్త్ర వ్యాసకర్త సందేహించవలసిన స్థలం ఇదే.

3. రోమన్ అచ్చు, పత్రికా సంప్రదాయాలు

పాశ్చాత్య పత్రికలకు, భారతీయ భాషాశాస్త్ర పత్రికలకు రాసేవారు ఉదాహరణలను రోమన్ లిపిలోకి మార్చడం 20వ శతాబ్దిలో స్థిరపడిన ఆచారం. ఈ మార్పు రెండు భిన్నమైన పనులుగా ఉండవచ్చు. ఒకటి లిప్యంతరీకరణం, అంటే తెలుగు అక్షరానికి బదులు రోమన్ అక్షరం ఉంచడం. రెండవది ధ్వన్యనులేఖనం, అంటే విన్న ధ్వనిని గుర్తులలో చూపడం. మొదటి పద్ధతి లిపిలోని ఐక్యాన్ని కూడా వెంటబెట్టుకుపోతుంది. ‘చాప’, ‘తెచ్చాడు’ రెండింటికీ ఒకే రోమన్ అక్షరం వాడిన ప్రతి రోమన్‌లో ఉన్నంత మాత్రాన ధ్వన్యనులేఖనం కాదు. ఈ రెండింటిని కలగలపడం వ్యాసప్రతులలో తరచుగా కనిపించే అస్పష్టత.

గిడుగు రామమూర్తి సవర భాషాకృషి ఈ సందర్భంలో స్మరణీయం. ఆయన సవర పాఠ్యపుస్తకాలకు తెలుగు లిపిని ఉపయోగించాడు. శాస్త్రలోకం కోసం 1931లో వెలువడిన ఆంగ్ల సవర కరదీపిక శీర్షికలోనే భాష పేరును అచ్చు పక్కన కోలన్ వంటి దీర్ఘచిహ్నంతో ముద్రించాడు. అంతర్జాతీయ ధ్వనిలిపి సంప్రదాయంలో దీర్ఘతను చూపే పద్ధతి అది. ఒకే భాషకు ఒకే పండితుడు ఇద్దరు పాఠకుల కోసం రెండు లేఖనాలు ఎంచుకున్నాడు. బడిపిల్లవాడికి పరిచితమైన లిపి కావాలి; భాషావేత్తకు సందేహం మిగల్చని గుర్తు కావాలి. ప్రతి ఎవరి కోసమన్న ప్రశ్నకు సమాధానం చెప్పుకున్న తరువాతనే రూపం నిర్ణయించాలన్న పాఠం అందులో ఉంది.

భారతీయ భాషాశాస్త్ర సంఘం 1928లో లాహోరులో ఏర్పడింది. దాని పత్రిక ఇండియన్ లింగ్విస్టిక్స్‌లో 1957లో భద్రిరాజు కృష్ణమూర్తి ఆధునిక వ్యావహారిక తెలుగు సంధిపై రాసిన వ్యాసం వెలువడింది. అదే సంవత్సరం పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆయన సమర్పించిన తెలుగు ధాతువుల పరిశోధన 1961లో క్యాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రచురణగా వచ్చింది. అదే ఏడాది బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి కోశం వెలువడి, దీర్ఘానికి తలపై గీత, మూర్ధన్యానికి అడుగున చుక్క, దంతమూలీయానికి అడుగు గీత అన్న ద్రావిడ లేఖన మర్యాదను సర్వసమ్మతం చేసింది. 1962లో వర్డ్ పత్రికలో షోబెర్గ్ తెలుగులోని సహస్థిత వర్ణవ్యవస్థలను, 1963లో అమెరికన్ ఓరియంటల్ సొసైటీ పత్రికలో కెల్లీ తెలుగు అచ్చులను, బాహ్య అచ్సంధిని చర్చించారు. 1972లో ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ద్రవిడియన్ లింగ్విస్టిక్స్ ప్రారంభం కావడంతో ఈ రచనలకు దక్షిణాదిలో స్థిరమైన వేదిక దొరికింది.

ఈ కాలపు ప్రతులు టైపురైటర్ మీద సిద్ధమయ్యేవి. యంత్రంలో లేని చుక్కలు, గీతలు చేతితో సిరాపెట్టి దిద్దవలసి వచ్చేది. ఒక చుక్క మరచిపోతే ‘కల’, ‘కళ’ ఒకటవుతాయి. ఈ శ్రమ తప్పించుకోవడానికి దీర్ఘాచ్చును జంట అక్షరాలతో, మూర్ధన్యాన్ని పెద్ద రోమన్ అక్షరంతో చూపే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. ఏ పద్ధతి గొప్పదన్న చర్చ కంటే, ఎంచుకున్న పద్ధతిని వ్యాసారంభంలో ప్రకటించి చివరివరకు పాటించడమే ప్రధానం. అది లేని వ్యాసంలో ఒక పెద్ద అక్షరం మూర్ధన్యమో, వాక్యారంభమో తేల్చడం పాఠకుడి తరం కాదు.

4. అక్షరంలో దాగిన పదాంశం

ధ్వని తరువాతి సమస్య పదాంశానిది. నేటి భాషాశాస్త్ర పత్రికలు ఉదాహరణను వరుసల కింద వరుసలుగా కోరుతాయి. మొదట వాక్యం, దాని కింద పదాంశ విభజన, ఆపై ప్రతి పదాంశానికి అర్థం లేదా వ్యాకరణ సూచన, చివర భావానువాదం. లీప్‌జిగ్ పదాంశార్థ నియమాలుగా ప్రసిద్ధమైన పది నియమాలు ఈ పద్ధతికి నేడు ప్రమాణం. పదాంశ విభజనలో ఎన్ని అడ్డగీతలున్నాయో అర్థపు వరుసలోనూ అన్నే ఉండాలి. విడిగా నిలవని పదకాలను, అంటే తెలుగులోని ఏకార ఓకారాది అవధారణ, సందేహ, ప్రశ్నార్థకాలను, సమాన చిహ్నంతో వేరుచేయాలి.

తెలుగు లిపి ఇక్కడ అడ్డుపడుతుంది. తెలుగు లేఖనంలో యూనిట్ వర్ణం కాదు, గుణింతంతో కూడిన అక్షరం. ‘తెచ్చాడు’లో ధాతురూపానికీ భూతకాల ప్రత్యయానికీ మధ్య సరిహద్దు ‘చ్చా’ అన్న ఒకే అక్షరం నడుమ పడుతుంది. లిపి విరిచిన చోట వ్యాకరణం విరవదు. వ్యాకరణం విరిచిన చోట లిపి విరవదు. తెలుగు లిపిలోనే విభజన చూపాలంటే పొల్లును, విడి అచ్చును ఆశ్రయించాలి:

వాడు చాప తెచ్చాడు.
వాడు ౘాప తెచ్చ్-ఆ-డు
వాడు చాప తెచ్చు-భూత.-ప్రథమ.ఏక.మహత్

పొల్లుతో పదాలను విడదీసి సంధికార్యం వివరించడం తెలుగు వ్యాకరణ పాఠాలకు కొత్త కాదు. ఆ అలవాటును పదాంశ విభజనకు విస్తరించడమే ఇక్కడ చేయవలసింది. రోమన్‌లో రాసే వ్యాసాలకు ఈ ఇబ్బంది లేకపోయినా, తెలుగులో రాసే భాషాశాస్త్ర వ్యాసానికి ఇది తప్పదు. చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ (1975), కృష్ణమూర్తి సంపాదకత్వంలోని ‘తెలుగు భాషా చరిత్ర’ (1974) వంటి గ్రంథాలు ఆధునిక భాషాశాస్త్రాన్ని తెలుగులోనే రాయవచ్చని నిరూపించాయి. పదాంశ విభజనకు తెలుగు లిపిలో ఏకరూప మర్యాదను స్థిరపరచడం ఆ కృషికి సహజమైన కొనసాగింపు.

అర్థపు వరుసలోని సూచనలు కూడా నిర్దోషంగా పైనుంచి దిగివచ్చినవి కావు. ఆంగ్ల పత్రికల సంక్షిప్తాలలో పుంలింగ, స్త్రీలింగ, నపుంసకలింగాలు సిద్ధంగా ఉంటాయి. వాటిని తెలుగుకు అతికిస్తే ‘అమ్మ వచ్చింది’లో ‘-ది’ స్త్రీలింగంగా, ‘గేదె వచ్చింది’లో అదే ‘-ది’ నపుంసకంగా నమోదవుతుంది. ఒకే ప్రత్యయం రెండుగా కనిపిస్తుంది. తెలుగు ఏకవచన క్రియలో ఉన్న విభాగం మహత్తు, మహదితరం. బహువచనంలో ‘అమ్మలు వచ్చారు’, ‘గేదెలు వచ్చాయి’ అన్న విభాగం మనుష్య, మనుష్యేతరాలది. దేశీయ వ్యాకరణం ఇచ్చిన మహద్వాచక పరిభాష ఇక్కడ అంతర్జాతీయ సంక్షిప్తం కంటే సూక్ష్మంగా పనిచేస్తుంది. సంక్షిప్తాల పట్టికను పత్రిక నుంచి యథాతథంగా తెచ్చుకోకుండా, భాషను బట్టి సవరించి వ్యాసంలో వివరించడం వ్యాసకర్త బాధ్యత.

సంధి మరొక చిక్కు. ‘తెచ్చాడా’ అన్న ప్రశ్నలో ‘-డు’లోని ఉకారం లోపించింది. విభజనలో వినిపించిన రూపం చూపితే ‘తెచ్చ్-ఆ-డ్=ఆ’ అవుతుంది; మూలరూపం చూపితే ‘తెచ్చ్-ఆ-డు=ఆ’ అవుతుంది. రెండూ సమర్థనీయమే. కాని ఒకే వ్యాసంలో ఒకచోట ఒకటి, మరొకచోట మరొకటి చూపితే ఉత్వసంధి ఎక్కడ జరిగిందో, ఎక్కడ జరగలేదో పాఠకుడికి తెలియదు. మాట్లాడేవారు పదాల మధ్య విరామం ఇచ్చిన చోట్ల సంధి జరగకపోవడం కూడా భాషాసామగ్రిలో భాగమే. ముద్రణ అలవాటును బట్టి పదాలను కలపడం, విడదీయడం ఆ సమాచారాన్ని చెరిపివేస్తుంది.

5. ఊరు, మండలం, జిల్లా

మాండలిక సామగ్రికి ప్రాంతసూచన లేనిదే విలువ లేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. వ్యవసాయ పదాల వ్యాప్తి ఆధారంగా తెలుగును పూర్వ, మధ్య, దక్షిణ, ఉత్తర మండలాలుగా విభజించడం మొదటి సంపుటం సాధించిన ప్రధాన ఫలితం. ఉభయ గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాలు మధ్య మండలంలో చేరాయి. ఉంగుటూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి గ్రామాలన్నీ ఈ మండలానికి చెందినవే.

ఆ కోశం జిల్లా పేర్లను ప్రాంతసూచికలుగా వాడింది. జిల్లా మాత్రం పాలనా సౌకర్యం కోసం గీసిన గీత. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో ఏలూరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి ఉంగుటూరు అందులో చేరింది. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో నిలిచింది. అంతవరకు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ప్రాంతం ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఈ మార్పుతో ఒక లాభం కలిగింది: రెండు జిల్లాల మధ్య చీలి ఉన్న కొల్లేటి తీరగ్రామాలు చాలావరకు ఒకే జిల్లా కిందికి వచ్చాయి. ఒక చిక్కు కూడా ఏర్పడింది: 1962 నాటి కోశంలో ‘కృష్ణా’ అని ఉన్న పదం నేటి కృష్ణా జిల్లాదే కానక్కర్లేదు.

ఉంగుటూరు పేరు మరొక జాగ్రత్తను కోరుతుంది. కృష్ణా జిల్లాలో గన్నవరం సమీపాన మరొక ఉంగుటూరు మండలం ఉంది. పట్టికలో ‘ఉంగుటూరు’ అని మాత్రమే రాసిన పదం రెండింటిలో ఏ ఊరిదో తెలియదు. కనుక వ్యాసప్రతిలో గ్రామం, మండలం, సేకరించిన సంవత్సరం, ఆ సంవత్సరపు జిల్లా పేరు కలిపి ఇవ్వడం అవసరం. పునర్విభజనకు ముందు సేకరించిన సామగ్రిని కొత్త జిల్లా పేరు కింద ప్రచురించేటప్పుడు పాత పేరు కూడా చూపాలి.

ఊరి పేరును ఉదాహరణగా ఇచ్చేటప్పుడు విభజన గీత విషయంలోనూ సంయమనం అవసరం. తెలుగు గ్రామనామాలలో ‘-ఊరు’ సుపరిచితమైన ఉత్తరపదం. అంతమాత్రాన ‘ఉంగుటూరు’ను ‘ఉంగుటు-ఊరు’ అని విరిచి రాస్తే పూర్వపదాన్ని గుర్తించామన్న వాదన అందులో నిశ్శబ్దంగా చేరిపోతుంది. శాసనాధారమో ఇతర లిఖితాధారమో చూపనప్పుడు పేరును విరవకుండా ఉంచడమే శాస్త్రీయం. అడ్డగీత కూడా ఒక ప్రతిపాదనే.

6. సంకేతంలోకి వచ్చిన అక్షరం

కంప్యూటర్ ముద్రణ తొలిదశలో తెలుగు ఫాంట్లు రోమన్ అక్షరాల స్థానాలలో తెలుగు ఆకారాలను అమర్చేవి. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో తెలుగు, లేని యంత్రంలో అర్థంలేని రోమన్ అక్షరాల గుంపు కనిపించేది. అచ్చయిన పేజీకి ఇది పెద్ద ఇబ్బంది కాదు. పదాలను వెతకడానికి, అమర్చడానికి, పోల్చడానికి ఉపయోగపడవలసిన భాషాసామగ్రికి మాత్రం ఇది మరణమే. పేజీ మిగులుతుంది, పదం మిగలదు. ఆ ఫాంట్లలో సిద్ధమైన సిద్ధాంత గ్రంథాల అనుబంధాలు, పదపట్టికలు నేడు మార్పిడి సాధనాల సాయంతో తిరిగి పొందవలసిన స్థితిలో ఉన్నాయి. ఆ మార్పిడిలో ఒత్తులు, అరసున్నలు చెదరకుండా చూడడం మళ్లీ మనిషి కంటితో చేయవలసిన పని.

భారతీయ లిపుల సంకేత ప్రమాణం 1991లో భారతీయ ప్రమాణంగా స్థిరపడింది. అదే ఏడాది వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగు చోటు పొందింది. అయితే దంత్య చకార జకారాలకు వెంటనే స్థానం దొరకలేదు. ౘ, ౙ అక్షరాలు 2008లో 5.1 ప్రమాణంతో చేరాయి. ప్రాచీన శాసనభాషకు అవసరమైన ఴ అక్షరం 2014లో 7.0 ప్రమాణంతో వచ్చింది. నకారపొల్లు 2021లో 14.0 ప్రమాణంతో చేరింది. బాలవ్యాకరణం నియమంగా చెప్పిన అక్షరభేదం సార్వత్రిక సంకేతంలోకి రావడానికి 150 సంవత్సరాలు పట్టిందన్నమాట.

సంకేతం వచ్చినంత మాత్రాన సమస్యలు తీరలేదు. మొదటిది, అన్ని ఫాంట్లలోనూ ఈ అక్షరాల ఆకారాలు ఉండవు. లేని చోట ఖాళీ డబ్బా కనిపిస్తుంది. సంపాదకుడి యంత్రంలో, సమీక్షకుడి యంత్రంలో అదే జరిగితే వ్యాసంలోని ప్రధాన భేదమే మాయమవుతుంది. ఫాంటును పొదిగిన పీడీఎఫ్ ప్రతిని మూలప్రతితోపాటు పంపడం ఇందుకు పరిష్కారం. రెండవది, ఆలస్యంగా చేరినందువల్ల ౘ, ౙ ల సంకేత స్థానం తక్కిన హల్లుల తరువాత ఉంది. యంత్రాన్ని గుడ్డిగా అకారాదిక్రమంలో అమర్చమంటే ‘ౘాప’ హకారాది పదాల వెనక్కి పోతుంది. పదసూచికలో అది చకారాదిలోనే ఉండాలి. మూడవది, రోమన్ అక్షరం మీది దీర్ఘరేఖను, అడుగు చుక్కను ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల కలయికగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. యంత్రానికి వేరు. ఒకే పదం రెండు రూపాల్లో చేరిన సామగ్రిలో లెక్కలు తప్పుతాయి. ప్రతి పంపే ముందు అన్నిటినీ ఒకే రూపానికి తేవడం నేటి వ్యాసకర్త చేయవలసిన పని. టైపు చేసిన ప్రతిలో సిరాచుక్కలు సరిచూసిన నిన్నటి వ్యాసకర్త శ్రమకు ఇది వారసత్వం.

‘తెచ్చాడు’లోని అచ్చుకు ఇప్పటికీ తెలుగు లిపిలో ప్రత్యేకాక్షరం లేదు. తెలుగులో రాసే వ్యాసం దానికి ఒక గుర్తును ఎంచుకొని వివరించవచ్చు, లేదా ఆ వరుసను మాత్రం అంతర్జాతీయ ధ్వనిలిపిలో ఇవ్వవచ్చు. ఏమీ చెప్పకుండా ఆకారంతోనే వదిలేయడం మాత్రం సమ్మతం కాదు.

7. కొల్లేటి పదాలు: రూపం తప్పితే పోయేది

ఈ సాంకేతిక వివరాల వెనుక ఉన్న అసలు ప్రశ్న ఏమిటో కొల్లేటి సీమ స్పష్టం చేస్తుంది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు చేరతాయి. ఉప్పుటేరు దీనిని సముద్రంతో కలుపుతుంది. 1999లో దీనిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఇది రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో అభయారణ్య పరిధిలోని చేపల చెరువుల గట్లను తొలగించారు. సరస్సులో వేట, చుట్టూ వరిసాగు, ఆపై చేపల చెరువులు అన్న ఈ మార్పుల క్రమంలో జీవనోపాధితోపాటు పదజాలమూ మారింది.

‘దోనె’ ఈ ప్రాంతంలో తాటిమాను తొలిచి చేసిన పడవ. ఇతరచోట్ల ఇదే పదానికి తొట్టి మొదలైన అర్థాలున్నాయి. ‘మావు’ కొల్లేటి వేటగాళ్లకు వెదురు బద్దలతో అల్లిన చేపల ఉచ్చు. కావ్యభాష చదివిన వ్యక్తికి ఆ రూపం గుర్రాన్ని స్ఫురింపజేస్తుంది. ‘బోదె’ పొలానికి నీరందించే చిన్న కాల్వ. ‘చెరువు’ మెట్టప్రాంతంలో సాగునీటి తటాకం; కొల్లేటి చుట్టుపక్కల ఆ మాట వినగానే గట్లు వేసి చేపలు పెంచే మడుగు గుర్తుకు వస్తుంది. అర్థపు వరుసలో ‘చెరువు’కు నిఘంటువులోని అర్థాన్నే ఇస్తే గత కొన్ని దశాబ్దాలలో ఆ పదంలో జరిగిన మార్పు నమోదు కాకుండా పోతుంది. పదం నిలిచింది, వస్తువు మారింది. ఆ మార్పును చెప్పగలిగేది వ్యాసప్రతిలోని ఆ ఒక్క వరుసే.

వేట తగ్గిన చోట ఉచ్చుల పేర్లు, వాటి భాగాల పేర్లు పెద్దవారి జ్ఞాపకంలోనే మిగులుతాయి. వారి తరువాత ఆ పదాన్ని విని సరిచూసుకునే అవకాశం ఉండదు. అటువంటి పదంలో చకారమో జకారమో ఉంటే, అది దంత్యమో తాలవ్యమో ప్రతిలో చూపకపోతే, తరువాతి పరిశోధకుడు సూరి నియమాన్ని ఆధారం చేసుకొని ఊహించవలసిందే. నియమానికి లొంగని రూపాలే భాషాచరిత్రకు విలువైనవి. ఊహతో పూరించిన ప్రతిలో మొదట అదృశ్యమయ్యేవి అవే.

సామగ్రిని కాపాడడంతోపాటు దానిని ఇచ్చినవారిని కాపాడడం కూడా ప్రతి రూపనిర్ణయంలో భాగం. కొల్లేటి లంకగ్రామాలు చిన్నవి. గ్రామం పేరు, వయస్సు, కులం, వృత్తి అన్నీ కలిపి ఇస్తే పేరు రాయకపోయినా ఆవేదకుడెవరో ఊరందరికీ తెలిసిపోతుంది. అభయారణ్య సరిహద్దు, చెరువుల హక్కులు వివాదంలో ఉన్న చోట ఒక సాధారణ ఉదాహరణ వాక్యం కూడా మాట్లాడిన వ్యక్తికి ఇబ్బంది కలిగించవచ్చు. భాషాశాస్త్రానికి అవసరమైనంత వివరమే ఉంచి, ఆవేదకులను సంకేతాలతో సూచించి, వారి అనుమతిని వ్యాసంలో ప్రకటించడం ఈ రంగంలో అంగీకృతమైన మర్యాద. గోప్యసమీక్షకు పంపే ప్రతిలో వ్యాసకర్త పేరును తొలగించే జాగ్రత్తకు ఇది ఏమాత్రం తక్కువ కాదు.

8. ముగింపు

పై పరిశీలన నుంచి తేలే ప్రధానాంశాలు ఇవి. చకార జకారాల దంత్యచిహ్నం గ్రాంథికభాషలో ఊహించదగినది కావడం వల్ల సామాన్య ముద్రణ నుంచి జారిపోయింది. వాడుకభాషలో అది అవసరమైన నాటికి అచ్చులో లేదు. రోమన్ లేఖనం ఆ లోపాన్ని తీర్చగలిగినా, లిప్యంతరీకరణ స్థాయిలో ఆగినప్పుడు అదే లోపాన్ని కొనసాగించింది. తెలుగు అక్షరస్వభావం పదాంశపు సరిహద్దును దాచుతుంది. పొల్లు, విడి అచ్చులతో దానిని తెలుగులోనే చూపడం సాధ్యం. ప్రాంతసూచన పాలనా మార్పులతో మారుతుంది గనుక కాలసూచన లేని ప్రాంతసూచన అసంపూర్ణం. సంకేతస్థాపన ౘ, ౙ లను తిరిగి అందుబాటులోకి తెచ్చింది. వాటిని వాడడం, సరిగా అమర్చడం మాత్రం వ్యాసకర్త చేతిలోనే ఉంది.

తెలుగు శాఖలలో భాషాశాస్త్ర పరిశోధన చేసేవారికి సంక్షిప్తాల పట్టిక, ధ్వన్యనులేఖన మర్యాద, పదాంశ విభజన పద్ధతి, ప్రాంతకాల సూచన నాలుగూ కలిసిన ఉమ్మడి నియమావళి తెలుగులో ఏర్పడవలసి ఉంది. అది ఏర్పడేవరకు ప్రతి వ్యాసకర్త తన పద్ధతిని తానే ప్రకటించుకోవాలి. ‘వాడు చాప తెచ్చాడు’ అన్న వాక్యాన్ని ఉంగుటూరులో పలికిన తీరున పరిచయం లేని పాఠకుడు తిరిగి పలకగలిగితే, ఆ ప్రతి సిద్ధమైనట్టు.